హెచ్‌ఐవీ విధానంలో భర్త ఎక్కడ?

ఇరవై ఏళ్ల కిందట ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పులిరాజా పేరు వినని ఊరు లేదు. పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా అని హోర్డింగులు అడిగితే బడిపిల్లలు కూడా ఆ ప్రశ్నను వల్లించారు. పేరెత్తడానికే జంకే జబ్బును నలుగురి నోటా పలికించినందుకు ఆ ప్రచారాన్ని మెచ్చుకోవాల్సిందే. ఆ ప్రశ్నను ఇప్పుడు మళ్లీ తీసి చూస్తే మాత్రం అందులోని లోటు తెలుస్తుంది. పులిరాజాకు వస్తుందా రాదా అన్నదే అక్కడి చింత. అతని నుంచి భార్యకు వస్తుందా, రాకుండా ఆమె ఏం చేయగలదు, ఏం అనగలదు అన్నది అందులో లేదు. ఒక ప్రకటనలో అన్నీ ఇమడవు కాబట్టి తప్పంతా ప్రకటనదే అనలేం. మన ఎయిడ్స్ నియంత్రణ విధానమే మగవాణ్ణి అలా చూసింది. ఇంటి బయట తిరిగే మనిషిగా అతన్ని లెక్కపెట్టింది. ఇంట్లో భర్తగా, తండ్రిగా, అన్నగా అతని చేతిలో ఉన్న అధికారాన్ని లెక్కలోకి తీసుకోలేదు. మగవారిని, మగపిల్లలను స్త్రీ పురుష సమానత్వ కృషిలో భాగస్వాములను చేయాలన్న ఆలోచన మూడు దశాబ్దాలుగా ప్రపంచమంతటా చర్చలో ఉంది. దాని వెనకున్న ఆధారాలనూ, దాని మీద వచ్చిన అభ్యంతరాలనూ ఒకచోట పెట్టి చూస్తే నాకు తోచేది ఇది: ఇంట్లోని ఆ అధికారం జోలికి వెళ్లని విధానం స్త్రీలను సగమే కాపాడుతుంది, మగవారినీ సగమే కాపాడుతుంది.

ముందు ఆధారాల సంగతి. పుణెలో సుఖవ్యాధుల క్లినిక్కులకు వచ్చిన స్త్రీల మీద జరిగిన ఒక అధ్యయనం 1997లో అమెరికన్ వైద్య సంఘం పత్రికలో వెలువడింది. సెక్స్ వర్కర్లు కాని స్త్రీలలో, అంటే చాలావరకు భర్త తప్ప మరో మగవాణ్ణి ఎరగని ఇల్లాళ్లలో, 13.6 శాతం మందికి హెచ్‌ఐవీ ఉన్నట్టు అందులో తేలింది. మూడేళ్ల తర్వాత చెన్నై నుంచి వచ్చిన అధ్యయనం వైరస్ సోకిన 134 మంది స్త్రీల వివరాలు తీసుకుంది. వారిలో 81 శాతం గృహిణులు. 88 శాతం మంది జీవితంలో ఒకే పురుషుడితో సంబంధం ఉన్నవారు. గుంటూరు జిల్లాలో 2004-05లో పన్నెండు వేల మందికి పైగా జనం రక్తనమూనాలు తీసి చూస్తే వయోజనుల్లో 1.72 శాతానికి హెచ్‌ఐవీ ఉంది, మగవారి శాతానికీ ఆడవారి శాతానికీ తేడా దాదాపు లేదు. పెళ్లి బయటి సంబంధాలూ, డబ్బిచ్చి కొనే సెక్సూ మగవారిలోనే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉండే సమాజంలో జబ్బు మాత్రం ఇద్దరిలో సమానంగా ఉందంటే అది ఏ దారిన నడిచిందో వేరే చెప్పనక్కరలేదు. ఆ దారిలో హింస పాత్ర ఏమిటో 2008లో వెలువడిన మరో అధ్యయనం చూపింది. మూడో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోని 28 వేల మందికి పైగా వివాహిత స్త్రీల సమాచారాన్ని విశ్లేషించగా, భర్త చేతిలో శారీరక హింసతో పాటు లైంగిక హింసను కూడా అనుభవించిన స్త్రీలకు హెచ్‌ఐవీ ఉండే అవకాశం మిగతావారి కంటే దాదాపు నాలుగు రెట్లు కనిపించింది. కొట్టే భర్తే బయట ముప్పు తెచ్చుకునే భర్త కూడా కావడం ఇందుకు ఒక కారణం. కొడతాడన్న భయంతో భార్య కండోమ్ మాట ఎత్తలేకపోవడం రెండోది. బలవంతపు కలయికలో శరీరానికి అయ్యే గాయం మూడోది. ఈ మూడింటిలో ఏదీ అవగాహన లేకపోవడం వల్ల వచ్చింది కాదు.

మన విధానం మాత్రం అవగాహన మీదా, ముప్పు ఎక్కువున్న బృందాల మీదా నిలబడింది. 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఏర్పడ్డాక సెక్స్ వర్కర్లు, పురుషులతో సంబంధాలుండే పురుషులు, సూదిమందు మత్తుకు అలవాటు పడినవారు, లారీ డ్రైవర్లు, వలస కూలీలు అంటూ బృందాలను విడదీసి పనిచేశారు. 2003లో గేట్స్ ఫౌండేషన్ డబ్బుతో మొదలైన ఆవాహన్ కార్యక్రమం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లో ఈ పద్ధతినే విస్తరించింది. ఇది ఫలించలేదని ఎవరూ అనలేరు. 2010 నుంచి 2023 నాటికి దేశంలో ఏటా కొత్తగా సోకే కేసులు 44 శాతం తగ్గాయి, ప్రపంచ సగటు తగ్గుదల 39 శాతమే. సెక్స్ వర్కర్లు సంఘాలుగా ఏర్పడి, కండోమ్ లేనిదే ఒప్పుకోమని తేల్చిచెప్పగలిగిన చోట వైరస్ వెనక్కి తగ్గింది. కానీ ఆ సెక్స్ వర్కర్‌కు దొరికిన సంఘబలం ఆమె దగ్గరికి వచ్చిన విటుడి భార్యకు దొరకలేదు. ఆమె ఏ బృందంలోనూ లేదు. ప్రభుత్వం ఆమెను చూసేది ఆమె గర్భవతి అయినప్పుడే, బిడ్డకు సోకకుండా ఆపడానికి రక్తపరీక్ష చేసినప్పుడే. మగవాడు హైవే మీద లెక్కకొచ్చాడు, ఆడది కాన్పుల వార్డులో లెక్కకొచ్చింది. వాళ్లిద్దరూ కలిసి బతికే ఇల్లు ఏ పట్టికలోకీ రాలేదు. ఇప్పటికీ ఆంధ్రప్రదేశ్‌లో వయోజనుల్లో సుమారు 0.62 శాతం, తెలంగాణలో సుమారు 0.44 శాతం హెచ్‌ఐవీతో జీవిస్తున్నారు. దేశ సగటు 0.20. ఈశాన్య రాష్ట్రాలను పక్కన పెడితే దేశంలో ముందు వరసలో ఉన్నది మనమే. వారిలో చాలామంది స్త్రీలు ఏ బృందానికీ చెందని ఇల్లాళ్లు.

అంతర్జాతీయ వేదికల మీద ఈ లోటును గుర్తించి చాలా కాలమైంది. 1994 కైరో జనాభా సదస్సు మగవారి బాధ్యత గురించి మాట్లాడింది, మరుసటి ఏడాది బీజింగ్ మహిళా సదస్సు దాన్ని బలపరిచింది. 2000లో ప్రపంచ ఎయిడ్స్ దినం నినాదమే మగవారి గురించి. 2004లో ఐక్యరాజ్య సమితి మహిళా కమిషన్ మగవారు, మగపిల్లల పాత్ర మీద తీర్మానాలు చేసింది. వీటన్నిటిలో ఈ చర్చకు పనికొచ్చే కొలబద్దను ఇచ్చింది మాత్రం 2000 జూలైలో డర్బన్ ఎయిడ్స్ సదస్సులో పరిశోధకురాలు గీతారావు గుప్తా చేసిన ప్రసంగం. హెచ్‌ఐవీ కార్యక్రమాలను ఆమె మెట్లుగా విడగొట్టారు. అన్నిటికంటే కింద ఉన్నవి హాని చేసేవి. కండోమ్ అమ్మడానికి వేటగాడిలాంటి మగవాడి బొమ్మను వాడుకునే ప్రకటనలు ఈ కోవలోనివి. హాని చేయకపోయినా స్త్రీ పురుష భేదాన్ని పట్టించుకోనివి ఆ పైమెట్టు. భేదాన్ని గుర్తించి, స్త్రీల అవసరాలకు తగ్గట్టు సేవలను సర్దేవి మరో మెట్టు. ఆ పైన, అసలు ఆ భేదాన్నే మార్చబూనుకునేవి, స్త్రీలకు ఆర్థిక, సామాజిక బలం చేకూర్చేవి. ఈ కొలబద్ద పెట్టి చూస్తే మన దేశంలోని ప్రచారాలు, కేంద్రాలు చాలావరకు నడిమి మెట్ల దగ్గరే ఆగిపోయాయి.

పైమెట్టు ఎక్కిన కార్యక్రమాలు నిజంగా పనిచేశాయా? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో 58 కార్యక్రమాల ఫలితాలను పరిశీలించింది. అన్నీ కలిపి 29 శాతం ప్రభావవంతం అని తేలితే, మగతనపు భావాలను మార్చడమే లక్ష్యంగా పెట్టుకున్నవాటిలో 41 శాతం ఆ కోవలోకి వచ్చాయి. ఒకసారి కరపత్రం పంచి ఊరుకున్నవాటి కంటే చిన్న బృందాల చర్చలను ఊరిలోని ప్రచారంతో, ఆరోగ్య సేవలతో ముడిపెట్టినవి మెరుగ్గా ఉన్నాయి. బ్రెజిల్‌లో ప్రొముందో సంస్థ యువకుల కోసం తయారుచేసిన ప్రోగ్రాం హెచ్ ఇందుకు పేరుపడ్డ ఉదాహరణ. దాన్నే ముంబయి మురికివాడల్లోనూ గోరఖ్‌పూర్ పల్లెల్లోనూ యారీ దోస్తీ పేరుతో మన పరిస్థితులకు తగ్గట్టు మలిచారు. స్నేహం, రౌడీతనం, ఆడపిల్లల వెంటపడటం, కండోమ్, ఇంటి పని, ఇవన్నీ కుర్రాళ్లు తమలో తాము మాట్లాడుకునేలా తోటి యువకులే నడిపించారు. సమానత్వాన్ని సమర్థించే భావాలు పెరిగాయి, కండోమ్ వాడకం పెరిగింది, భాగస్వామిని హింసించామని చెప్పేవారు తగ్గారు. కుర్రాళ్లు తమ గురించి తామే చెప్పుకున్న మాటలివి అన్నది నిజమే. ఈ రంగంలో చాలా అధ్యయనాల బలహీనత ఇక్కడే ఉంది. అడిగేవాడు ఏ జవాబు వినాలనుకుంటున్నాడో శిక్షణ పూర్తి చేసినవాడికి తెలిసే ఉంటుంది.

అందుకే దక్షిణాఫ్రికాలో జరిగిన స్టెప్పింగ్ స్టోన్స్ పరీక్షను వివరంగా చూడాలి. ఉగాండాలో ఆలిస్ వెల్‌బోర్న్ రూపొందించి 1995లో వెలువరించిన ఈ శిక్షణను ఈస్టర్న్ కేప్ రాష్ట్రంలో రేచెల్ జూక్స్ బృందం శాస్త్రీయంగా పరీక్షించింది. 70 ప్రాంతాల నుంచి 15-26 ఏళ్ల యువతీ యువకులు 2,700 మందికి పైగా చేరారు. సగం ప్రాంతాల్లో దాదాపు 50 గంటల శిక్షణ, మిగతా సగంలో మూడు గంటల ప్రసంగం. మాటలనే నమ్ముకోకుండా రెండేళ్ల పాటు రక్తం కూడా పరీక్షించారు. 2008లో ఫలితాలు వచ్చాయి. హెచ్‌ఐవీ తగ్గిందని గట్టిగా చెప్పగలిగినంత తేడా కనిపించలేదు. లైంగికంగా సోకే హెర్పిస్ కొత్త కేసులు మాత్రం 33 శాతం తగ్గాయి. భాగస్వామి మీద చేయి చేసుకున్నామని చెప్పే యువకులు రెండేళ్ల తర్వాత కూడా తక్కువగానే ఉన్నారు. మార్పు మగపిల్లల్లో కనిపించింది, ఆడపిల్లల ప్రవర్తనలో ఆశించిన మార్పు రాలేదు. దీన్ని వైఫల్యమనేవారు ఉన్నారు, విజయమనేవారూ ఉన్నారు. నా దృష్టిలో ఈ ఫలితం చెప్పేది మరొకటి. మగపిల్లలు మారరన్న నిరాశకు ఆధారం లేదు. పేదరికంలో ఉన్న ఆడపిల్లకు తరగతి గదిలో నేర్పిన ధైర్యం ఒక్కటే చాలదు, ఆమె చేతిలో నాలుగు డబ్బులు, కాళ్ల కింద కాస్త నేల ఉండాలి. ఇద్దరిలో ఒకరిని వదిలేసి రెండోవారితోనే పని కానిద్దామనుకుంటే ఎక్కడ ఆగిపోతామో ఈ పరీక్ష చూపింది.

ఉగాండా నుంచి వచ్చిన రెండు ఫలితాలు దీన్ని ముందుకు తీసుకెళ్లాయి. కంపాలాలో రైజింగ్ వాయిసెస్ సంస్థ రూపొందించిన ససా కార్యక్రమం శిక్షణ తరగతులకు పరిమితం కాలేదు. పేటలోని దుకాణదారులు, పోలీసులు, మతపెద్దలు, ఆరోగ్య కార్యకర్తలు అందరితోనూ అధికారం అంటే ఏమిటి, దాన్ని ఎవరి మీద ఎలా వాడుతున్నాం అన్న చర్చను ఏళ్ల తరబడి నడిపింది. హింసను సమర్థించే భావం తగ్గింది, ఒకేసారి ఒకరికంటే ఎక్కువమందితో సంబంధం ఉన్న మగవారు పోల్చిన పేటల్లో 45 శాతం ఉంటే ఇక్కడ 27 శాతమే. భర్తల శారీరక హింస సగానికి సగం తక్కువగా కనిపించినా, పరీక్షించిన పేటలు ఎనిమిదే కావడం వల్ల గణాంకపరంగా ఆ అంకెను స్థిరమని చెప్పలేం. రకాయ్ జిల్లాలో షేర్ అనే కార్యక్రమం ఇలాంటి పనినే హెచ్‌ఐవీ పరీక్ష, చికిత్స సేవలతో కలిపి పదకొండు వేల మందికి పైగా జనంలో చేసింది. స్త్రీలు చెప్పిన శారీరక, లైంగిక హింస ఐదో వంతు దాకా తగ్గింది, కొత్తగా హెచ్‌ఐవీ సోకడం మూడో వంతు దాకా తగ్గింది. అదే చోట మగవారిని అడిగితే వారు చెప్పిన హింసలో మాత్రం మార్పు కనిపించలేదు. ఈ వైరుధ్యాన్ని దాచిపెట్టనక్కరలేదు. మగవారితో చేసిన పని ఫలించిందా లేదా అన్నది మగవారిని అడిగి తేల్చకూడదు, వారితో కాపురం చేస్తున్న స్త్రీలను అడగాలి అన్న నియమాన్ని ఇది మనకిస్తోంది.

మగపిల్లల విషయంలో మనకు దగ్గరి ఆధారం హరియాణా నుంచి వచ్చింది. బ్రేక్‌త్రూ సంస్థ అక్కడి ప్రభుత్వ బడుల్లో ఏడు నుంచి పదో తరగతి పిల్లలతో రెండున్నరేళ్ల పాటు స్త్రీ పురుష సమానత్వం మీద తరగతులు నడిపింది. 314 బడులను పోల్చి చూసిన ఆ పరిశోధన 2022లో వెలువడింది. వెనకబాటు భావాలున్న పిల్లల్లో ఆరో వంతు మంది దాకా అభిప్రాయం మార్చుకున్నారు. తరగతులు ముగిసిన తర్వాత కూడా ఆ మార్పు నిలిచింది, ఇంటిపనిలో చేయి వేయడం వంటి ప్రవర్తనలో మార్పు అమ్మాయిల కంటే అబ్బాయిల్లోనే ఎక్కువ. అబ్బాయిలు మారగలరని, అందుకు బడిని మించిన చోటు లేదని దీన్ని బట్టి అర్థమవుతుంది. మన దేశం అదే బడి తలుపు మూసుకున్న చరిత్ర కూడా ఉంది. కౌమార విద్యా కార్యక్రమాన్ని 2007 ప్రాంతంలో పలు రాష్ట్రాలు నిలిపివేశాయి. ఎం. వెంకయ్యనాయుడు అధ్యక్షత వహించిన రాజ్యసభ పిటిషన్ల కమిటీ 2009లో బడుల్లో లైంగిక విద్య వద్దని సిఫారసు చేసింది. మన సంస్కృతికి తగదన్నది అప్పటి వాదన, నేటికీ చాలామంది తల్లిదండ్రుల మనసులోని మాట అదే. ఆ ఆందోళనను తీసిపారేయను. కానీ బడి చెప్పకపోతే పిల్లవాడు తెలుసుకోకుండా ఉండడు, చేతిలోని ఫోన్ నుంచి తెలుసుకుంటాడు. అక్కడ అతను నేర్చుకునేది స్త్రీ శరీరం మీద మగవాడి పెత్తనమే.

ఆ పెత్తనం మన దగ్గర ఎంత లోతుగా ఉందో ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. చెప్పకుండా బయటికి వెళ్లడం, వంట సరిగా చేయకపోవడం, అత్తమామల పట్ల అమర్యాద, పక్కలోకి రానని చెప్పడం వంటి కారణాల్లో ఒక్కటి ఉన్నా భర్త భార్యను కొట్టడం సబబేనని ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో సుమారు 84 శాతం స్త్రీలు అన్నారు. మగవారిలో సుమారు మూడింట రెండొంతుల మంది అదే అన్నారు. దేశంలో ఇలా అన్న స్త్రీల శాతం ఇంత ఎక్కువగా ఉన్న రాష్ట్రాలు మనవే. చదువులో, పొదుపు సంఘాల్లో, స్థానిక సంస్థల్లో ఇంత ముందుకు వచ్చిన తెలుగు స్త్రీ ఈ మాట అనడం చాలామందికి మింగుడుపడదు. ఆశ్చర్యపోవాల్సిన పని లేదు. మూడు దశాబ్దాలుగా మన ప్రభుత్వాలు స్త్రీలను కూర్చోబెట్టి అప్పు గురించి, పొదుపు గురించి, బిడ్డల టీకాల గురించి మాట్లాడాయి. ఆ ఇంటి మగవాణ్ణి కూర్చోబెట్టి మాట్లాడిన వేదికలు చాలా అరుదు. స్త్రీల సంఘాల స్థాయిలో మగవారితో పని జరగలేదు. కుటుంబ నియంత్రణలోనూ ఇంతే. అదే సర్వేలో దేశంలో ఆడవారి ఆపరేషన్లు 37.9 శాతం, మగవారివి 0.3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో ఆడవారి ఆపరేషన్లు 70 శాతానికి చేరువలో ఉన్నాయి. సంతానం బాధ్యత, జబ్బు రాకుండా చూసుకునే బాధ్యత, జబ్బు వస్తే నింద, అన్నీ ఒకే శరీరం మీద పడ్డాయి.

ఇక అభ్యంతరాలు. అన్నిటికంటే బరువైనది స్త్రీల ఉద్యమాల నుంచి వచ్చింది. స్త్రీల ఆశ్రయ గృహాలకు, న్యాయ సహాయానికి దక్కే నిధులే చాలీచాలనివి, వాటిలోంచే మగవారి శిక్షణలకు వాటా తీస్తారా, రేపు ఆ వేదికల మీద మైకు కూడా మగవారి చేతికే వెళుతుంది కదా అని వారి ప్రశ్న. ఇది ఊహించుకున్న భయం కాదు. మగవారిని కలుపుకోవడమన్న పేరుతో స్త్రీలకు నష్టం జరిగిన సందర్భాలు ఉన్నాయి. ఆఫ్రికాలోని కొన్ని దేశాల్లో గర్భిణి భర్తను వెంటబెట్టుకొస్తే ముందు చూస్తామని, లేకపోతే వరసలో చివర నిలబడాలని క్లినిక్కులు నియమం పెట్టాయి. ఒంటరి స్త్రీ, భర్త వదిలేసిన స్త్రీ, భర్తను చూసి వణికే స్త్రీ వైద్యానికే దూరమయ్యారు. మగవారి భాగస్వామ్యాన్ని హాజరుపట్టీతో కొలిస్తే జరిగేది ఇదే. మన చట్టం ఈ విషయంలో ముందుచూపు చూపింది. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లోకి వచ్చిన హెచ్‌ఐవీ ఎయిడ్స్ చట్టం, భాగస్వామికి విషయం తెలియజేసే అధికారాన్ని వైద్యుడికి, కౌన్సెలర్‌కు కొన్ని షరతులతో ఇస్తూనే, ముఖ్యంగా స్త్రీల విషయంలో ఆ సమాచారం హింసకో, ఇంట్లోంచి గెంటివేతకో దారితీస్తుందన్న భయం ఉంటే చెప్పకూడదని స్పష్టం చేసింది. ఉంటున్న ఇంట్లో ఉండే హక్కును కూడా రక్షించింది. మగవారితో చేసే ప్రతి పనికీ స్త్రీ భద్రతను ముందు పెట్టే ఈ నిబంధనలు ప్రాతిపదిక కావాలి. స్త్రీ భద్రత తగ్గే చోట మగవారి భాగస్వామ్యం ఆగాలి. నిధుల విషయంలోనూ నాది స్త్రీ ఉద్యమాల మాటే: మగవారి కార్యక్రమాలకు డబ్బు ఆరోగ్య, విద్య, కార్మిక, పోలీసు శాఖల పద్దుల నుంచి రావాలి, స్త్రీల పద్దులోంచి పైసా తీయకూడదు. ఇంత మాత్రాన ఆ పనే వద్దనలేం. భార్యకు ఎంత అవగాహన కలిగించినా కండోమ్ ధరించాల్సింది భర్త. ఆ నిర్ణయం అతని చేతిలో ఉన్నంతకాలం అతనితో మాట్లాడకుండా ఆమెను కాపాడలేం.

రెండో అభ్యంతరం దీనికి ఎదురుదిక్కు నుంచి వస్తుంది. మగవారిని దోషులుగా నిలబెడితే ఎవరు వస్తారని. ఇందులోనూ నిజం ఉంది, దాన్ని చికిత్స లెక్కలు చూపుతున్నాయి. 2023లో ప్రపంచవ్యాప్తంగా హెచ్‌ఐవీ ఉన్న వయోజన స్త్రీలలో 83 శాతం మంది మందులు వాడుతుంటే మగవారిలో 72 శాతమే. ఆలస్యంగా పరీక్షకు వచ్చి, ఆలస్యంగా మందు మొదలుపెట్టి, మధ్యలో మానేసి చనిపోయేది మగవారే ఎక్కువ. ఒళ్లు బాగోలేదని చెప్పుకోవడం చేతగానితనమనీ, ఆసుపత్రి ఆడవాళ్ల చోటనీ నేర్పిన మగతనమే వారిని చంపుతోంది. ముందుగానే చికిత్స మొదలుపెట్టినవారి నుంచి భాగస్వామికి సోకడం 96 శాతం తగ్గుతుందని 2011లోనే తేలింది కాబట్టి భర్త మందు వాడటం భార్య రక్షణ కూడా. నేరం మోపకుండా సేవలను మగవారికి అందుబాటులోకి తెస్తే వారు వస్తారనడానికి కెన్యా అనుభవం ఉంది. గర్భిణుల చేతికి సొంతంగా చేసుకునే పరీక్ష కిట్లు ఇచ్చి పంపితే వారి భాగస్వాముల్లో 90 శాతానికి పైగా పరీక్ష చేసుకున్నారు, మామూలు ఆహ్వాన పత్రం ఇచ్చిన చోట సగం మంది. మన ఐసీటీసీలు (పరీక్ష, కౌన్సెలింగ్ కేంద్రాలు), ఏఆర్‌టీ (చికిత్స) కేంద్రాలు ఎక్కువగా పగటిపూట, ప్రభుత్వాసుపత్రి పనివేళల్లో నడుస్తాయి. మేస్త్రీ దగ్గర పనిచేసే కూలీ, ఆటో నడిపేవాడు మందుల కోసం ఒక రోజు కూలి వదులుకోవాలి. నిందించకుండా సేవ చేయడం అంటే కేంద్రం వేళలు మార్చడం లాంటి చిన్న పనులతోనే మొదలవుతుంది. ఒక హెచ్చరిక మాత్రం అవసరం. సేవ ఒక్కటే సమానత్వం తేదు. సున్తీ శస్త్రచికిత్స మగవారికి సోకే ముప్పును సుమారు 60 శాతం తగ్గిస్తుందని మూడు ఆఫ్రికా దేశాల పరీక్షల్లో తేలాక కోట్లాది మందికి చేశారు. అదే ఉగాండాలో, వైరస్ ఉన్న మగవారికి ఆ శస్త్రచికిత్స చేస్తే భార్యలకు రక్షణ దొరుకుతుందేమోనని చూసిన పరీక్షలో ప్రయోజనం కనిపించలేదు. అంతమంది మగవారు స్వయంగా క్లినిక్‌కు నడిచి వచ్చిన ఆ అవకాశాన్ని భార్యతో, హింసతో, మద్యంతో ముడిపడిన మాటలకు వాడుకున్న చోట్లు తక్కువ.

మగవారందరూ ఒక్కటి కారన్నది మరో మాట. ఆంధ్రప్రదేశ్‌లో పురుషులతో సంబంధాలుండే పురుషుల మీద 2005లో వెలువడిన పెద్ద అధ్యయనంలో నూటికి నలభై మందికి పైగా పెళ్లయినవారే. ఇంట్లోవాళ్ల ఒత్తిడికి తలవంచి పెళ్లి చేసుకుని, ఎవరికీ చెప్పుకోలేని బతుకు బతుకుతున్న ఆ మనిషి ఒకే సమయంలో అణచివేతకు గురైనవాడూ, భార్య మీద అధికారం ఉన్నవాడూ. స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377వ సెక్షన్‌ను 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు సడలించడం ఆ భార్యకు కూడా మేలు చేసిన తీర్పే. బలవంతపు మగతనం పట్టు సడలితే అబద్ధపు పెళ్లిళ్లు తగ్గుతాయి. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి, కడప నుంచి గల్ఫ్‌కు వెళ్లే కార్మికుడి సంగతి వేరు. అతనికి హెచ్‌ఐవీ పరీక్ష అంటే వీసా దక్కుతుందా పోతుందా అన్న గండం. పాజిటివ్ అయితే ప్రయాణం లేదు, అక్కడ బయటపడితే తిప్పి పంపేస్తారు. పరీక్షను శిక్షగా ఎరిగిన మనిషి ఊరికి వచ్చాక దాన్ని సేవగా భావించి ఐసీటీసీ మెట్లు ఎక్కడు. ఇతనికి పులిరాజా తరహా ప్రచారం పనికిరాదు, నమ్మకం కలిగించే పలకరింపు కావాలి.

మగవారి ప్రవర్తన ఇంటి గుట్టు, ప్రభుత్వానికి అక్కడేం పని అనేవారికి నెల్లూరు జిల్లా దూబగుంట జవాబు చెప్పింది. 1990ల మొదట్లో అక్షరాస్యత తరగతులకు వచ్చిన పేద స్త్రీలు సారా మీద మొదలుపెట్టిన పోరాటం రాష్ట్రమంతా పాకి సారా నిషేధానికి, 1995లో సంపూర్ణ మద్యనిషేధానికి దారితీసింది. 1997లో నిషేధం ఎత్తేశారు, అది వేరే కథ. భర్త తాగుడూ దెబ్బలూ ఇంటి సంగతి కాదని, విధానాల సంగతి అని తేల్చింది ఆ స్త్రీలే. నాయకుల మాటకు కూడా విధానంతో సమానమైన బరువుంటుంది. దక్షిణాఫ్రికాలో 2006లో అత్యాచారం కేసులో నిర్దోషిగా బయటపడిన జాకబ్ జుమా, హెచ్‌ఐవీ ఉన్న స్త్రీతో కలిసిన తర్వాత స్నానం చేశానని కోర్టులో చెప్పడం ఏళ్ల ప్రచారాన్ని వెనక్కి నెట్టింది. అదే దేశంలో మగవారితో పనిచేసే సోంకే జెండర్ జస్టిస్ సంస్థ, ఆ కేసులోని స్త్రీని కించపరిచిన యువనేత జూలియస్ మలేమాను సమానత్వ కోర్టుకు లాగింది. 2010 మార్చిలో కోర్టు అతని మాటలు ద్వేషపూరితమని తేల్చి, క్షమాపణ చెప్పాలని, బాధిత స్త్రీల ఆశ్రయానికి 50 వేల ర్యాండ్లు చెల్లించాలని ఆదేశించింది. మగవారు మగవారి తప్పును చట్టం ముందు నిలబెట్టిన సందర్భం అది. మన శాసనసభల్లో, సినిమా వేదికల మీద వినిపించే మాటలకు ఇలాంటి ఫిర్యాదు చేసే మగవారి సంఘం మనకింకా లేదు.

2021-26 కాలానికి రూపొందిన ఐదో దశ జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం తర్వాత రాబోయే ప్రణాళికలో భర్త అనే మనిషి ఉండాలి. గర్భిణి పరీక్ష జరిగిన ప్రతి చోటా, ఆమె అభీష్టాన్ని, భద్రతను ముందు పెట్టి, భర్తకు విడిగా పరీక్ష అందించాలి. ఎంతమంది భర్తలు వచ్చారన్నదాన్ని పక్కనబెట్టి, ఎంతమంది స్త్రీలు హింస తగ్గిందని చెప్పారన్నదాన్ని ఫలితంగా లెక్కగట్టాలి. ఏఆర్‌టీ కేంద్రాలు వారంలో కొన్ని రోజులైనా సాయంత్రాలు తెరవాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విద్యాశాఖలు ఏడో తరగతి నుంచి మగపిల్లలతో ఈ చర్చను పాఠ్యప్రణాళికలో పెట్టాలి, అందుకు ఉపాధ్యాయులను సిద్ధం చేయాలి. ఇందులో ఏ ఒక్కదానికీ కొత్త మందు, కొత్త యంత్రం అక్కరలేదు. రెండు రాష్ట్రాల ఎయిడ్స్ నియంత్రణ సంఘాలు తమ వార్షిక ప్రణాళికలో ఈ పని కోసం వేరే పద్దు రాస్తాయా లేదా అన్నది స్త్రీల సంఘాలు, హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారి సంఘాలు, ఈ వ్యాసం చదివే మగవారు కలిసి అడగాలి. ఆ పద్దు కనిపించేదాకా అడుగుతూనే ఉండాలి.